మా రైతుసంఘం అర్జీలు

2025 జూన్ నెలాఖరులో ఒక రాత్రి పదిన్నరకు మా చిన్నాయన కొడుకు ఫోను చేశాడు. వెనకాల ట్రాక్టర్ల చప్పుడు, వరస తప్పి ముందుకు వెళ్లిన వాడిని ఎవరో కోప్పడుతున్న మాటలు. "అన్నా, మామిడికాయ కోసి లోడెత్తి రెండు రోజులైంది. గుజ్జు ఫ్యాక్టరీ గేటు బయటే పడుకున్నాం. అడుగున కాయ మగ్గి రసం కారుతోంది. సోమవారం కలెక్టరు ఆఫీసులో ఊరంతా కలిసి అర్జీ ఇవ్వాలనుకుంటున్నాం. నువ్వు ఆదివారం వచ్చి రాసిపెట్టాలి. పెదనాయన రాయించినట్టు ఉండాలి" అన్నాడు.

వాడు పెదనాయన అన్నది మా నాయనను. ఆయన పోయి పన్నెండేళ్లు దాటింది. ఆయన పేరు చెప్పి అర్జీ అడిగిన మాట విన్నాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నేను అర్జీలు రాయడం మొదలుపెట్టింది 1985లో, ఎనిమిదో తరగతిలో ఉండగా. చిత్తూరుకు పదిహేను మైళ్ల దూరంలోని మా ఊళ్లో రైతుసంఘం ఉండేది. రిజిస్టరు చేసిన సంఘం కాదు, ఏ పార్టీదీ కాదు. ఏడాదికి రెండు రూపాయల చందా. మా తాత తమ్ముడు అధ్యక్షుడు, మా నాయన కార్యదర్శి. నాయనకు విషయం చెప్పడం బాగా వచ్చు, చేతిరాత మాత్రం ఆయనకు తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు. అందుకని ఆయన చెబుతుంటే నేను రాసేవాడిని. అరఠావు కాగితాల మధ్య కార్బన్ పేపర్లు పెట్టి మూడు ప్రతులు తీయాలి. ఒకటి ఆఫీసుకు, ఒకటి ఎమ్మెల్యేకు, మూడోది మా తీర్మానాల పుస్తకంలో అంటించడానికి. మూడో ప్రతిలో అక్షరం పడాలంటే పెన్ను గట్టిగా నొక్కాలి. మా తమ్ముళ్లు బడి వదిలాక చెరువులో ఈత కొడుతుంటే నేను వేళ్లు నొప్పి పుట్టేలా రాసేవాడిని. అప్పుడు ఏడుపొచ్చేది. ఇప్పుడు ఆ పుస్తకం నా దగ్గర ఉంది, తిరుపతిలో మా ఇంటి బీరువాలో.

ఎర్ర గుడ్డ అట్ట వేసిన పొడవాటి లెక్కల పుస్తకం అది. చిత్తూరు బజారులో కొన్నారు. మొదటి నాలుగు పేజీల్లో సభ్యుల పట్టిక ఉంటుంది. వరుస సంఖ్య, పేరు, తండ్రి పేరు, విస్తీర్ణం, సంతకం. ఆ గీతలు నేనే స్కేలు పెట్టి గీశాను. ఒకటిన్నర ఎకరా, మూడెకరాలు, రెండెకరాల పది సెంట్లు. అందరికంటే ఎక్కువ ఉన్న ఆసామికి పదకొండు ఎకరాలు. ఒక్క పేరు ఎదుట మాత్రం విస్తీర్ణం గడిలో అంకె లేదు, అడ్డగీత ఉంది, పక్కన వేలిముద్ర ఉంది. ఆ మనిషి సంగతి తరువాత చెబుతాను.

సమావేశాలు పౌర్ణమి నాడు, భజనగుడి మెట్ల మీద. వీధి దీపం ఉండేది కానీ దాన్ని నమ్ముకునేవాళ్లు కాదు. సంకటి తిని, తువ్వాలు భుజాన వేసుకుని ఒక్కొక్కరే వచ్చి కూర్చునేవాళ్లు. మొదట చెరువు గురించి మాట్లాడేవాళ్లు. తూము పలక పాడైందనీ, అలుగు పారే మరవ దగ్గర గండి పడిందనీ, నీళ్లు పంచే నీరుగంటి కొందరి కయ్యలకే నీళ్లు వదులుతున్నాడనీ. అవన్నీ గట్టిగా అరుచుకుని తేల్చుకున్నాక అసలు సంగతులు వచ్చేవి. కరెంటు, చెరకు, బెల్లం, చెనక్కాయల ధర. వేరుశనగను మా వైపు చెనక్కాయలనే అంటారు.

చిన్నతాతకు ప్రతి సమావేశంలోనూ ఒక్కసారైనా రైతు నాయకుడు రంగా గారిని తలచుకోనిదే మాట సాగేది కాదు. 1962లో మా చిత్తూరు లోక్‌సభ స్థానానికి ఉప ఎన్నిక వచ్చింది. అక్కడి నుంచి గెలిచిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ బీహారు గవర్నరుగా వెళ్లడంతో ఖాళీ అయింది. ఆ ఎన్నికలో స్వతంత్ర పార్టీ తరఫున నిలిచి గెలిచినవారు ఆచార్య ఎన్.జి.రంగా. ఎక్కడో గుంటూరు జిల్లా నిడుబ్రోలు మనిషిని ఇక్కడి రైతులు ఎందుకు గెలిపించారని నేను అడిగితే చిన్నతాత నాగపూరు తీర్మానం గురించి చెప్పేవాడు. 1959 జనవరిలో నాగపూరు కాంగ్రెస్ మహాసభలు సహకార వ్యవసాయం కావాలని తీర్మానించాయి. పొలాలన్నీ కలిపి ఉమ్మడిగా సాగు చేయాలన్నది ఆలోచన. రంగా దాన్ని ఎదిరించి కాంగ్రెస్ నుంచి బయటికి వచ్చారు, ఆ ఏడాదే పుట్టిన స్వతంత్ర పార్టీకి అధ్యక్షుడయ్యారు. "గట్టు చెరిపేస్తారంట అన్న ఒక్క మాటకు ఊళ్లకు ఊళ్లు కదిలాయి" అనేవాడు చిన్నతాత. చిత్తూరు సభలో రంగా మాటలు విన్న రోజును ఆయన పెళ్లి రోజు కంటే బాగా గుర్తుపెట్టుకున్నాడు.

నాయన ఈ విషయంలో ఆయనతో ఏకీభవించేవాడు కాదు. రంగా మీద గౌరవం ఉండేది. కానీ 1973లో రాష్ట్రంలో భూపరిమితి చట్టం వచ్చినప్పుడు కూడా ఇదే భయం పుట్టించారనీ, రెండెకరాల వాడికి సీలింగుతో ఏం పని అనీ అడిగేవాడు. "మన గట్టును ఎవరూ చెరపలేదు చిన్నాయనా. గట్టు లోపల పండినదానికి ధర లేకుండా పోయింది" అన్నాడొకసారి. ఆ మాటకు చిన్నతాత చాలాసేపు ఏమీ అనలేదు. ఇద్దరి మధ్య కూర్చుని రాసుకుంటున్న నాకు వాళ్లలో ఎవరు సరైనవారో తెలియలేదు. ఇప్పుడు ఆలోచిస్తే చిన్నతాత భయం కూడా నిజమైనదే అనిపిస్తుంది. ఆ తరం వాళ్లు జమీందారీ చూసినవాళ్లు, పట్టా చేతికి రావడమంటే ఏమిటో తెలిసినవాళ్లు. అయినా నా మనసు నాయన వైపే ఉంది.

మా సంఘం పుస్తకంలో సగం పేజీలు చెరకువే. చెరకు మాకు బంగారం, బరువు కూడా. ఫ్యాక్టరీకి అగ్రిమెంటు రాసినవాడు కటింగ్ ఆర్డరు కోసం ఎదురు చూడాలి. ఆర్డరు నెల ఆలస్యమైతే తోట పూతకొస్తుంది, తూకం పడిపోతుంది. కొట్టిన చెరకు బండిలో రెండు రోజులు ఎండితే మళ్లీ తూకం పోతుంది. తోలిన తరువాత డబ్బు ఎప్పుడొస్తుందో తెలియదు. ఒక ఏడాది సంక్రాంతికి తోలిన చెరకుకు వినాయక చవితి దాకా డబ్బు రాలేదు. ఆ ఏడు మా ఇంట్లో కొత్త బట్టలు లేవు. అక్క పెళ్లి మాట వాయిదా పడింది.

అప్పుడు నాయన చిత్తూరు కోర్టులో తెలిసిన వకీలు దగ్గరికి వెళ్లి చెరకు నియంత్రణ ఉత్తర్వు నకలు అడిగి తెచ్చాడు. 1966 నాటిది. ఇంగ్లీషులో ఉంది. మా ఇంగ్లీషు అయ్యవారి దగ్గర కూర్చుని రెండు సాయంత్రాలు అర్థం చెప్పించుకున్నాం. చెరకు అందిన పద్నాలుగు రోజుల్లో డబ్బు చెల్లించాలి, దాటితే ఏడాదికి 15 శాతం వడ్డీ కలిపి ఇవ్వాలి అని అందులో ఉంది. ఆ పౌర్ణమికి నాయన ఆ సంగతి చదివి వినిపించినప్పుడు ఎవరూ నమ్మలేదు. "మనకు వడ్డీ ఇస్తారా? మనం కట్టడమే తెలుసు" అన్నాడొక పెద్దాయన. మేం అర్జీలో ఆ క్లాజు నంబరుతో సహా రాశాం. వడ్డీ ఎప్పుడూ రాలేదు. అసలు మాత్రం పది రోజుల్లో వచ్చింది. ఆ డబ్బు తెచ్చుకున్న రోజు నాయన నాకు ఒక హీరో పెన్ను కొనిచ్చాడు. దాన్ని చాలా ఏళ్లు దాచుకున్నాను.

ధర గురించి ఇంకో సూక్ష్మం ఉంది, అది మాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది. కేంద్రం ప్రకటించే చెరకు ధర పంచదార రికవరీ శాతానికి, అంటే వంద కిలోల చెరకుకు ఎన్ని కిలోల పంచదార దిగుతుందన్న లెక్కకు ముడిపడి ఉంటుంది. అప్పట్లో ఆ శాతం 8.5. ఆ పైన వచ్చే ప్రతి పాయింటుకూ రైతుకు అదనంగా ఇవ్వాలి. తరువాత దాన్ని 9కి, 2009లో కనీస ధర పేరు మార్చి గిట్టుబాటు ధర అన్నప్పుడు 9.5కి, ఆ తరువాత 10కి, ఇప్పుడు 10.25కి పెంచారు. 2025-26కు క్వింటాలుకు 355 రూపాయలు అంటే 10.25 శాతం రికవరీ వచ్చే చెరకుకన్నమాట. 9.5 శాతమో అంతకు తక్కువో ఉన్నచోట 329 రూపాయల అయిదు పైసలే. పేపర్లో ధర పెరిగిందని వచ్చిన ప్రతిసారీ నాయన మొదట చూసేది ఈ శాతాన్ని. "కొలపాత్ర పెద్దదైంది, ధర పెరగలేదు" అనేవాడు.

ఫ్యాక్టరీ మీద విసిగినవాళ్లు గానుగ పెట్టుకునేవాళ్లు. మా ఊరి చలికాలం రాత్రులంటే నాకు గుర్తొచ్చేది బెల్లం వాసనే. పిప్పి మంట, పెద్ద పెనంలో మరిగే రసం, తెట్టు తీయడానికి బెండ చెట్ల జిగురు, చిటికెడు సున్నం. పాకం పదును చూసేవాడు నీళ్లలో వేలు ముంచి పాకంలో పెట్టి తీసేవాడు, మేం ఊపిరి బిగబట్టి చూసేవాళ్లం. టన్ను చెరకుకు వంద కిలోల బెల్లం దిగుతుంది, కాస్త అటూ ఇటూ. చిత్తూరు బెల్లం మండీలో ఆ రోజు ధర ఎంతో తెలిస్తే ఫ్యాక్టరీకి తోలాలా, గానుగ ఆడాలా అన్నది పొయ్యి దగ్గర కూర్చునే లెక్క తేలిపోయేది.

అలాంటి ఒక రాత్రి ఆ లెక్కనే అర్జీలో పెడదామని నాయన కూర్చున్నాడు. ఎకరా చెరకుకు ఖర్చెంత? విత్తనం, దున్నకం, ఎరువు, నీళ్లు, కలుపు, జడ చుట్టడం, నరకడం, బండి బాడుగ. నేను రాస్తున్నాను. మొత్తం కూడాక అవ్వ రసం వడబోస్తూ అడిగింది. "నా కూలి ఎక్కడ రాశావురా?" అందరూ నవ్వారు. అవ్వ నవ్వలేదు. "తెల్లవారుజామున మూడింటికి లేచాను. బయటి మనిషైతే కూలి ఇవ్వరా? నీ పెళ్లాం పదిసార్లు కలుపు తీసింది. ఆమె కూలి? మీ నాయన కష్టం? ఈ భూమి గుత్తకిస్తే వచ్చే డబ్బు?" నాయన లెక్క కొట్టేయించి మళ్లీ మొదలుపెట్టించాడు. ఇంటి మనుషుల కూలి, సొంత భూమికి గుత్త అంటే కౌలు, పెట్టుబడికి వడ్డీ. కొత్త మొత్తం చూసి పొయ్యి చుట్టూ ఉన్నవాళ్లంతా మాట్లాడకుండా ఉండిపోయారు. ఎన్నో ఏళ్ల తరువాత స్వామినాథన్ అధ్యక్షతన పనిచేసిన జాతీయ రైతు కమిషన్ నివేదిక గురించి చదివినప్పుడు, ఖర్చులో ఏమేమి కలపాలన్న వాదన చదివినప్పుడు, నాకు ఆ పెనం ముందు నిలబడ్డ అవ్వే కనిపించింది. 2006లో ఆ కమిషన్ ఖర్చుకు మరో సగం కలిపి మద్దతు ధర ఇవ్వాలంది. ఏ ఖర్చుకు అన్నదే ఈనాటికీ తెగని తగవు. ఇంటి మనుషుల కూలి దాకా కలిపి ఆపితే ఒక ధర వస్తుంది, సొంత భూమి కౌలు, పెట్టుబడి వడ్డీ కూడా కలిపితే ఇంకో ధర వస్తుంది. మా అవ్వ ఆ రాత్రి రెండోదే అడిగింది.

బెల్లం గురించి మరో అర్జీ ఉంది. అది రాయడానికి మాకు మూడు పౌర్ణములు పట్టింది. 1993 అక్టోబరు నుంచి సారా ఆగింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన ఉద్యమం అది. నాటుసారాకు నల్లబెల్లం వాడతారని దారిలో బెల్లం బండ్లు ఆపడం మొదలైంది. మా ఊరి బండిని ఒక చెక్‌పోస్టులో రాత్రంతా నిలబెట్టారు. వాన వచ్చి పది బస్తాల బెల్లం నీళ్లయింది. బెల్లం నల్లగా రావడానికి కారణం దొంగ వ్యాపారం కాదు. ఉప్పునీటి బావి కింద పెరిగిన చెరకైనా, యూరియా ఎక్కువ పడిన చెరకైనా బెల్లం నల్లబడుతుంది. తెల్లగా రావాలంటే హైడ్రోస్ పొడి కలపాలి, మండీలో తెల్లబెల్లానికే ధర. హైడ్రోస్ కలిపిన బెల్లాన్ని మా అవ్వ నోట పెట్టేది కాదు, దేవుడికీ పెట్టనిచ్చేది కాదు.

ఇదంతా రాసి మద్యనిషేధం వల్ల మేం నష్టపోతున్నామని నాయన ఒక వాక్యం చెప్పాడు. వసారాలో కూర్చుని చెనక్కాయలు వొలుస్తున్న అమ్మ లేచి వచ్చింది. అప్పటిదాకా ఆమె సంఘం విషయాల్లో ఒక్క మాట కూడా అనలేదు. "ఆ మాట రాస్తే ఈ ఊరి ఆడవాళ్లెవరూ మీ గానుగ దగ్గరికి రారు" అంది. సారా ఆగాక ఎన్ని ఇళ్లలో పొయ్యి వెలుగుతోందో పేర్లు చెప్పుకుంటూ పోయింది. చివరికి అర్జీ మొదట్లో నిషేధాన్ని మేం బలపరుస్తున్నామనీ, సారా కాచేవాడిని పట్టుకోవాలే కానీ చెరకు పండించేవాడిని కాదనీ రాశాం. మా పుస్తకంలో అన్నిటికంటే మంచి అర్జీ అదేనని నా నమ్మకం. జవాబు రాలేదు.

నిజానికి అప్పటికి నేను ఊళ్లో ఉండడం లేదు. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదువుతూ సెలవులకు వచ్చి రాసేవాడిని. మిగతా రోజుల్లో నాయన నుంచి పోస్టు కార్డులు వచ్చేవి. క్షేమం ఒక వాక్యం, మిగతాదంతా ప్రశ్నలు. 1994 చివర్లో వచ్చిన కార్డు ఇప్పటికీ ఉంది. "పామాయిలు బయటి దేశం నుంచి తెచ్చుకోవచ్చని సర్కారు చెప్పిందంట. దాని మీద సుంకం ఎంతో లైబ్రరీలో చూసి రాయి." నేను పాత పేపర్ల కట్టలు తిరగేసి 65 శాతం అని రాశాను. ఆ తరువాత ప్రతి ఏడాదీ అదే ప్రశ్న, అంకె తగ్గుతూ పోయింది. 1998కి అది 15 శాతం అయింది. ప్రపంచ వాణిజ్య ఒప్పందానికి తయారైన డంకెల్ ముసాయిదా అన్న మాట, ప్రపంచ వాణిజ్య సంస్థ అన్న మాట అప్పుడు అందరి నోటా ఉండేవి. మా ఊళ్లో వాటి అర్థం చెనక్కాయల బస్తా మీద తెలిసింది. వాన పడితే తప్ప పండని చేలు మావి. కాళహస్తి తెగులు వస్తే కాయ నల్లబడి గిడసబారిపోతుంది. దాన్ని కూడా తట్టుకుని ఇంటికి తెచ్చిన పంటకు, ఎక్కడో సముద్రం అవతల తోటల్లో పిండిన నూనె ధర కట్టింది. "తెగులుకు తిరుపతిలో పరిశోధన కేంద్రం మందు చెబుతుంది. దీనికి ఎవరిని అడగాలి?" అని నాయన రాశాడు. ఢిల్లీకి మా సంఘం పంపిన ఒకే ఒక అర్జీ దాని గురించే. రిజిస్టర్డ్ పోస్టు రశీదు పుస్తకంలో అంటించి ఉంది.

చెనక్కాయల చేలు ఆ తరువాతే మామిడి తోటలయ్యాయి.

కరెంటు మీద రాసినవి లెక్కలేనన్ని. 1983 తరువాత మోటారుకు హార్స్‌పవరుకు ఏడాదికి 50 రూపాయల లెక్క వచ్చినప్పుడు ఊరంతా సంతోషించింది, 2004 మే 14న ఉచిత విద్యుత్తు సంతకం చేసినప్పుడూ సంతోషించింది. కానీ మా అర్జీల్లో ఎప్పుడూ ఉన్న కోరిక ధర గురించి కాదు. పగటిపూట ఇవ్వమని. రాత్రి పన్నెండుకు కరెంటు వస్తే టార్చిలైటు పట్టుకుని పాముల మధ్య మడికి వెళ్లాలి. మా వీధి చివరి ఇంటాయన అలా వెళ్లి తడి చేతితో స్టార్టరు డబ్బా ముట్టుకుని చనిపోయాడు. ఆయన కొడుకు నా తరగతి. ఆ అర్జీ నేను రాయలేకపోయాను, నాయనే తన వంకర అక్షరాలతో రాశాడు. ఇక నీళ్ల సంగతి. నా చిన్నప్పుడు మా బావి నలభై అడుగులు, అవ్వ కాపురానికి వచ్చిన కొత్తలో దాని మీద ఎద్దులతో నీళ్లు తోడే కపిల తోలేవాళ్లట. 2010 నాటికి అదే చేలో బోరు ఎనిమిది వందల అడుగులు దిగింది. 2002లో నీరు, భూమి, చెట్టు చట్టం వచ్చినప్పుడు బోర్ల మధ్య దూరం పాటించాలని నాయన సమావేశంలో చదివి వినిపించాడు. ఎవరూ ఒప్పుకోలేదు. తమ్ముడి చేలో బోరు పడితే అన్న బోరు ఎండింది. అలాంటి తగాదాల తరువాత పౌర్ణమికి వచ్చేవాళ్లు తగ్గారు. మా సంఘం చల్లబడడానికి సర్కారు ఎంత కారణమో మా బోర్లూ అంతే కారణం.

ఇప్పుడు ఆ అడ్డగీత సంగతి. ఆయన మా దళితవాడ మనిషి. సొంతానికి సెంటు భూమి లేదు. ఊళ్లో ముగ్గురి చేలు కోరుకు అంటే పంటలో వాటాకు, గుత్తకు చేసేవాడు. మా అందరికంటే బాగా పండించేవాడు. చెనక్కాయ చేను ఎప్పుడు పీకాలో ఆయన కాయ ఒలిచి లోపలి తోలు చూసి చెబితే ఊరంతా ఆ రోజే పీకేది. రెండు రూపాయల చందా ఏనాడూ తప్పలేదు. పట్టిక రాసేటప్పుడు విస్తీర్ణం ఎంతని నేను అడిగితే మెట్ల మీద ఎవరో "ఆయనకేముంది, గీత పెట్టు" అన్నారు. నేను పెట్టాను. పద్నాలుగేళ్ల పిల్లవాడిని, పెద్దవాళ్లు చెప్పింది చేశాను.

2008లో కేంద్రం రుణమాఫీ ప్రకటించింది. ఊళ్లో చాలామంది పేర్లు బ్యాంకు జాబితాలో వచ్చాయి. ఆయన పేరు లేదు. ఉండదు, ఆయన అప్పు బ్యాంకులోది కాదు, నూటికి మూడు రూపాయల వడ్డీది. ఆ వేసవిలో మా ఇంటికి వచ్చి వసారాలో కూర్చున్నాడు. "అన్నా, మీ అర్జీలన్నిటిలో వేలిముద్ర వేశాను. చెరకుకు వేశాను, కరెంటుకు వేశాను. ఒక్కసారి నాకోసం ఒకటి రాయండి. నేను రైతునా కాదా, అది అడగండి" అన్నాడు. నాయన వెంటనే రాద్దామన్నాడు. నేను సెలవు లేదని ఆ సాయంత్రమే బస్సెక్కి తిరుపతి వచ్చేశాను. మళ్లీ వచ్చినప్పుడు రాద్దామనుకున్నాం. నాయనకు ఆరోగ్యం బాగోలేదు, సంఘం సమావేశాలు ఆగిపోయాయి. ఆ అర్జీ పుస్తకంలో లేదు. 2011లో కౌలుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది. 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది, దానికి భూయజమాని సంతకం కావాలి. యజమాని సంతకం పెడితే తన భూమి పోతుందని భయపడతాడు, పెట్టకపోతే సాగు చేసేవాడికి ఏమీ దక్కదు. ఆయన మాత్రం ఏ కార్డూ చూడకుండానే పోయాడు. నాయన పోయిన ఏడాదికి.

ఆదివారం పొద్దున్నే బస్సెక్కాను. చంద్రగిరి దాటాక రోడ్డుకు రెండు వైపులా మామిడి తోటలే, చెట్ల నిండా బెంగళూర కాయలు వేలాడుతూనే ఉన్నాయి, కోసేవాళ్లు లేరు. తోతాపురి అని పేపర్లు రాసేది దీన్నే. మా వైపు దీన్ని పండించేది ఎక్కువగా గుజ్జు కోసమే. ఫ్యాక్టరీ తీసుకోకపోతే దాన్ని ఎవరికీ అమ్మలేం. అంతకు ముందు ఏటి గుజ్జు నిల్వలు మిగిలాయని ఫ్యాక్టరీలవాళ్లు అన్నారు. బయటి రాష్ట్రాల కాయ రాకుండా జిల్లాలో ఆంక్షలు పెట్టారు, దాని మీద కర్ణాటక ముఖ్యమంత్రి ఉత్తరం కూడా రాశారు. సరిహద్దు అవతల కోలారు రైతు కూడా మాలాంటివాడే అన్న ఆలోచన నన్ను ఆ దారంతా బాధపెట్టింది. ఫ్యాక్టరీ కిలోకు ఎనిమిది రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం మరో నాలుగు రైతు ఖాతాలో వేస్తుందని ప్రకటన వచ్చింది. గేటు దగ్గర మా వాళ్లకు ఎనిమిది దక్కలేదు.

భజనగుడికి కొత్తగా రంగులు వేశారు. మెట్లు అవే. ఇరవై మంది దాకా వచ్చారు, ఎక్కువమంది నాకు తెలియని కుర్రవాళ్లు. అర్జీ ఫోనులో టైపు చేద్దామని ఒకడన్నాడు. మొదట చేత్తో రాద్దామన్నాను. నాయన రాయించే పద్ధతి నాకు ఒక్కటే తెలుసు. అడగాల్సింది మొదటి వాక్యంలోనే అడగాలి. కష్టం వర్ణించకూడదు, లెక్క రాయాలి. ఎకరా తోటకు దున్నకం, మందు పిచికారీ, కాపలా, కోత కూలి, బాడుగ, గేటు దగ్గర నిలబడ్డ రోజులకు ట్రాక్టరు వెయిటింగు అన్నీ అడుగుతూ రాసుకున్నాను. ఇంటి మనుషుల కూలి కూడా చెప్పమన్నాను. కుర్రవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, తరువాత చెప్పారు.

లెక్క అయ్యాక వెనక మెట్టు మీద నుంచి ఒకతను లేచాడు. నలభై ఏళ్లుంటాయి. నవ్వితే తండ్రి పోలికలు, ఎవరూ చెప్పకుండానే గుర్తుపట్టాను. ఊరివాళ్లు బెంగళూరులో ఉంటూ వదిలేసిన తోటను గుత్తకు తీసుకుని చేస్తున్నాడు. "అన్నా, ఆ నాలుగు రూపాయలు ఎవరి ఖాతాలో పడతాయి? తోటగల ఆయన ఖాతాలోనా, నా ఖాతాలోనా?" అని అడిగాడు.

రాసిన కాగితం పక్కన పెట్టి కొత్త అరఠావు తీసుకున్నాను. ఆ ప్రశ్నను మొదటి వాక్యంగా రాశాను. ఫ్యాక్టరీ ధర రెండో పేరాలోకి వెళ్లింది. ఎవరూ వద్దనలేదు.

సంతకాలకు స్కేలు తెమ్మని గీతలు గీశాను. వరుస సంఖ్య, పేరు, తండ్రి పేరు, విస్తీర్ణం, సంతకం. మొదట అతన్నే పిలిచాను. పేరు రాశాడు, తండ్రి పేరు రాశాడు. విస్తీర్ణం గడి దగ్గర పెన్ను ఆపి నా వైపు చూశాడు.

"చేస్తున్నది ఎంతో అది రాయి" అన్నాను.

నాలుగు ఎకరాలు అని రాసి సంతకం పెట్టాడు.